మళ్లీ బొటనవేలి దగ్గరికే

నవంబరు నెలలో గోదావరిఖని లక్ష్మీనగర్ వైపు వెళ్తే ఆన్‌లైన్ సెంటర్ల ముందు ఒక వరుస కనిపిస్తుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్, పెన్షన్ కాగితం, బ్యాంకు పాస్‌బుక్కు. బొగ్గుబాయి పని నుంచి రిటైరై దిగిపోయిన పెద్దమనుషులు, చనిపోయిన భర్త పేరున పెన్షన్ తీసుకునే ఆడవాళ్లు, ఏడాదికోసారి తాము బతికే ఉన్నామని చెప్పుకోవడానికి వస్తారు. కౌంటర్ వెనక కుర్రాడు "తాతా, వేలు గట్టిగ ఒత్తు" అంటాడు. తాత ఒత్తుతాడు. మిషన్ ఒప్పుకోదు. "ఇంకో వేలు పెట్టు." అదీ ఒప్పుకోదు. ముప్పై ఏళ్లు తట్టా చెమ్మాసూ పట్టిన చేతికి, డ్రిల్లు మిషన్ అదురుకు అలవాటుపడిన చేతికి మిషన్ చదివేటన్ని గీతలు మిగలవు. "చేతులు కడుక్కొని, మంచిగ తుడుచుకొని రా తాతా" అని పక్కకు పంపిస్తాడు.

తెలుగులో 'వేలిముద్రగాడు' అన్నది తిట్టు. ఆ తిట్టు పడలేకే 1990లలో అక్షరాస్యత ఉద్యమం నడిచిన రోజుల్లో చాలామంది షిఫ్టు దిగి వచ్చాక పలక పట్టారు. మూడు నాలుగు అక్షరాల పేరు నెలల తరబడి దిద్ది, వేలి నిశాని మానేసి సంతకం పెట్టారు. అదే మనిషిని ఇప్పుడు మిషన్ నీ సంతకం నాకొద్దు, వేలే కావాలంటోంది. వేలు పెడితే అది చెల్లదంటోంది. ఇంతకన్నా విచిత్రమైన చదువు తిరోగమనం ఇంకెక్కడైనా జరిగిందేమో నాకు తెలియదు.

ఈ వరుసను చూసినవాళ్లు రెండు రకాలుగా మాట్లాడతారు. వీళ్లకు కంప్యూటర్ నేర్పితే ఈ తిప్పలుండవు కదా అని ఒకరు. అరవై దాటినవాళ్లకు ఇప్పుడు మౌస్ పట్టించడమేమిటి, వాళ్ల పని వాళ్లకు చేసిపెట్టడం ఆఫీసుల బాధ్యత కాదా అని ఇంకొకరు. రెండో మాటలో న్యాయం ఎక్కువుందని మొదట నేనూ అనుకున్నాను. ఇప్పుడు అంత తేలికగా అనలేను.

ముందుగా సంగతి ఎంత పెద్దదో చూడాలి. 1920లో కంపెనీగా నమోదైన సింగరేణిలో 1990 ప్రాంతంలో లక్షకు పైగా కార్మికులుండేవాళ్లు. ఇప్పుడు దాదాపు నలభై వేలు. గోల్డెన్ హ్యాండ్‌షేక్‌లు, మూతపడిన ఇంక్లైన్లు, ఓపెన్‌కాస్టులు, యంత్రాలు కలిసి చేసిన పని ఇది. అంటే రామగుండం, గోదావరిఖని, యైటింక్లైన్ కాలనీ చుట్టుపక్కల ఇప్పుడు మస్టర్ పడే వాళ్లకన్నా, అంటే పనిలో ఉన్నవాళ్లకన్నా, ఎప్పుడో దిగిపోయినవాళ్లూ, వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లూ ఎక్కువ. బొగ్గు పట్టణమని పేరే గానీ, ఇది మెల్లగా పెన్షన్ల పట్టణమైంది. ఆ పెన్షన్ కూడా ఎంత? 1998 నాటి బొగ్గుగని కార్మికుల పెన్షన్ పథకం కింద ఒకసారి ఖరారైన మొత్తం డీఏతో పాటు పెరగదు. చేతికొచ్చేది చిన్నది, అది ఆగితే వచ్చే చిక్కు పెద్దది.

ఆ చిన్న మొత్తానికి చేరే దారులు ఒక్కొక్కటీ తెరమీదికి ఎక్కుతున్నాయి. పెన్షన్‌దారులు బతికే ఉన్నామని ఆన్‌లైన్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకునే జీవన్ ప్రమాణ్‌ను కేంద్రం 2014 నవంబరులో తెచ్చింది. 2021 నవంబరులో ఫోన్ కెమెరాతో ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ తీసుకునే వీలు కల్పించింది. ధన్‌బాద్ కేంద్రంగా ఉండే బొగ్గుగనుల ప్రావిడెంట్ ఫండ్ సంస్థ, మన నోట్లో సీఎంపీఎఫ్, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ సీ-డాక్ సాయంతో సీ-కేర్స్ అనే పోర్టల్ పెట్టుకుంది. పీఎఫ్, పెన్షన్ క్లెయిములు ఆ దారిన నడుస్తున్నాయి. సీఎంపీఎఫ్ ప్రాంతీయ కార్యాలయం గోదావరిఖనిలోనే ఉంది. అయినా ఆఫీసుకు పోయినవాడికి వినిపించే మాట 'ఆన్‌లైన్‌ల చూసుకో' అన్నదే అయితే, ఆ ఆఫీసు ఊళ్లో ఉన్నా ఒకటే, ధన్‌బాద్‌లో ఉన్నా ఒకటే.

నేర్పాలనేవాళ్ల వాదనలో నన్ను బాగా కదిలించింది సౌకర్యం సంగతి కాదు, గుట్టు సంగతి. కంప్యూటర్ రానివాడు తన పీఎఫ్ ఎంతుందో తెలుసుకోవాలంటే ఆ అంకె ముందు ఇంకొకరికి తెలియాలి. కొడుక్కో, అల్లుడికో, సెంటర్ కుర్రాడికో. దిగిపోయిన నెలలో గ్రాట్యుటీ, పీఎఫ్ కలిసి పెద్ద మొత్తం ఒకేసారి ఖాతాలో పడుతుంది. ఆ అంకె ఇంట్లో అందరికన్నా చివర తెలిసేది దాన్ని సంపాదించినవాడికే. పంచాయితీ అక్కడే మొదలవుతుంది. పాస్‌వర్డ్ కొడుకు దగ్గర, ఓటీపీ వచ్చే ఫోను కోడలి దగ్గర, ఏటీఎం కార్డు అల్లుడి దగ్గర. బాపు దగ్గర మిగిలేది పాస్‌బుక్కు కవరు. పిల్లలు చెడ్డవాళ్లని కాదు. మంచి పిల్లలున్న ఇంట్లో కూడా ప్రతి పైసాకూ అడుక్కోవాల్సి రావడం ముప్పై ఏళ్లు ఇల్లు నడిపిన మనిషికి చిన్నతనమే.

ఆడవాళ్ల సంగతి ఇంకా వేరు. బాయి పని మగవాళ్లది కాబట్టి పిట్ ఆఫీసు, యూనియన్ ఆఫీసు, బ్యాంకు, అన్నీ మగవాళ్లు తిరిగిన దారులే. భర్త ఉన్నన్ని రోజులు క్వార్టర్ నంబరు తప్ప ఏ నంబరూ గుర్తుపెట్టుకోనక్కర్లేని మనిషికి, ఆయన పోయిన నెలలోనే ఆధార్‌లో పేరు ఒక తీరు, సర్వీసు బుక్కులో ఇంకో తీరు ఉందని తెలుస్తుంది. రాజమ్మ, రాజవ్వ ఒకరే అని రుజువు చేసుకునే పని దుఃఖం ఆరకముందే మొదలవుతుంది. నేర్చుకోవడం ఎవరికి ఎక్కువ అవసరమని అడిగితే, దిగిపోయిన కార్మికుడికన్నా ముందు అతని భార్యకంటాను. సింగరేణి సేవా సమితి కార్మికుల ఇళ్లలోని ఆడవాళ్లకు ఎన్నో ఏళ్లుగా కుట్టుపని లాంటివి నేర్పిస్తోంది. కుట్టు మిషన్ పక్కన ఒక కంప్యూటర్ పెట్టి, సర్వీసు కాగితాల్లో పేర్లు సరిచూసుకోవడం నేర్పితే, భర్త బతికుండగానే సగం చిక్కు తీరుతుంది.

ఇంత చెప్పాక రెండో పక్షం మాట వినకపోతే అన్యాయం. వాళ్లడిగే మొదటి ప్రశ్న సూటిగానే ఉంటుంది. ఒకప్పుడు గుమాస్తా చేసిన పనిని ఇప్పుడు పెన్షన్‌దారుడి నెత్తిన పెట్టి, చేయలేకపోతే 'నీకు రాదు' అనడం ఏ తీరు న్యాయం? మన రాష్ట్ర చరిత్రే వాళ్లవైపు సాక్ష్యం చెబుతుంది. 2001లో హైదరాబాద్‌లో ఈ-సేవ పెట్టినప్పుడు, 2011లో మీసేవ వచ్చినప్పుడు, కంప్యూటర్ ఉన్నది కౌంటర్‌కు అవతలి వైపు. దాన్ని నడిపేవాడు శిక్షణ పొందిన మనిషి. మనం నోటితో చెప్తే చాలు. 2018లో తెలంగాణ సర్కారు ఫోన్ యాప్ టీ యాప్ ఫోలియో వచ్చేనాటికి కౌంటర్ మన జేబులోకి వచ్చేసింది. సెల్‌ఫోన్ అందరి దగ్గరా ఉంది కదా అన్నారు. ఫోనుండడం వేరు, ఫారం నింపడం వేరు. ఆ తేడా లెక్కలోకి రాలేదు.

పోనీ, నేర్పే బాధ్యతైనా ఎవరన్నా తీసుకున్నారా? దేశమంతటా డిజిటల్ చదువు నేర్పడానికి కేంద్రం 2017లో తెచ్చిన పెద్ద పథకం పీఎంజీదిశ. ఆరు కోట్ల గ్రామీణ కుటుంబాల్లో ఇంటికొకరికి ఇరవై గంటల శిక్షణ ఇవ్వాలని లక్ష్యం. 2024 మార్చితో ముగిసేనాటికి లక్ష్యాన్ని దాటింది కూడా. కానీ దాని నిబంధన చూడండి: వయసు 14 నుంచి 60 లోపుండాలి, గ్రామంలో ఉండాలి. సింగరేణిలో 2021 నుంచి దిగిపోయే వయసు 61. గోదావరిఖని రామగుండం నగరపాలక సంస్థలో ఉంది. అంటే కార్మికుడు దిగిపోయేనాటికి వయసు తలుపు మూసుకునేది, ఊరి తలుపు ముందే మూసి ఉండేది. నేర్పించని చదువును నేర్చుకోలేదని ఎవరినైనా ఎట్లా తప్పుపడతాం? 2022 నుంచి నడుస్తున్న ఉల్లాస్ కార్యక్రమం పదిహేనేళ్లు దాటినవాళ్లందరికీ, పై వయసు హద్దు లేకుండా, చదువుతో పాటు డిజిటల్ నైపుణ్యం కూడా నేర్పాలంటోంది. కాగితం మీద ఇది మేలైనది. వాలంటీర్ల మీద ఆధారపడిన పని గనుక వాలంటీర్ ఉన్న వాడలో నడుస్తుంది, లేని వాడలో నడవదు.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఈ పక్షానికి బలమిచ్చింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్లు వేసిన కేసు అది. ముఖం గుర్తించే యాప్ 'కళ్లు ఆర్పండి' అంటే ఆర్పలేనివాళ్ల గతేమిటని వాళ్లు అడిగారు. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. ఈ మాటను మన వరుసకు అన్వయిస్తే అర్థం స్పష్టం. హక్కు పెన్షన్‌దారుడిది, దాన్ని అందేలా చేసే బాధ్యత ఆఫీసుది. గనిలో కంటికి దెబ్బతగిలినవాడు, శుక్లాల ఆపరేషనైన వాడు కళ్లు ఆర్పలేకపోతే బతికి లేనట్టు కాదు.

ఇక భయం సంగతి. నేర్చుకుంటే మోసపోతారని చాలామంది అంటారు. ఖాతాలో గ్రాట్యుటీ పడినవాడి ఫోను మోగడం మొదలవుతుంది. 'లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ చేస్తాం, ఓటీపీ చెప్పండి' అనే దొంగ కాల్స్ గురించి పెన్షన్ శాఖలే హెచ్చరికలు ఇచ్చాయి. డిజిటల్ అరెస్ట్ పేరుతో పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ చేసి రోజుల తరబడి మనుషుల్ని గదిలో కూర్చోబెట్టిన కేసులు పేపర్ల నిండా వచ్చాయి. భయం నిజమైనదే. అయితే ఈ వాదన ఇంకోవైపు కూడా కోస్తుంది. డిజిటల్ అరెస్ట్‌కు కంప్యూటర్ రానక్కర్లేదు, ఫోనెత్తితే చాలు. పోయిన డబ్బు ఆగాలంటే మాత్రం వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఏ ఖాతాలోంచి ఎంత పోయిందో చెప్పాలి. కంప్యూటర్ రాకపోవడమే రక్షణ అనుకుంటే, కళ్లు మూసుకుంటే లారీ రాదనుకున్నట్టే.

ఆ వయసులో బుర్రకెక్కుతుందా అన్నది మరో సందేహం. దీనికి జవాబుగా పత్రికలు తరచూ జపాన్‌కు చెందిన మసాకో వాకమియా పేరు చెబుతాయి. బ్యాంకులో పనిచేసి, అరవై దగ్గర కంప్యూటర్ మొదలుపెట్టి, ఎనభై ఒకటో ఏట 2017లో ఐఫోన్ కోసం బొమ్మల ఆటొకటి తయారుచేసింది ఆమె. గొప్ప మనిషే. కానీ జీవితమంతా కాగితాలూ అంకెల మధ్య గడిపిన బ్యాంకు ఉద్యోగిని తెచ్చి బాయిలో బొగ్గు నింపిన మన కోల్ ఫిల్లర్ ముందు నిలబెట్టి 'ఆమెకు వచ్చింది, నీకెందుకు రాదు' అనడం ప్రోత్సాహం కాదు, దెప్పడం. అమెరికాలో డెనిస్ పార్క్ బృందం 2014లో ప్రకటించిన అధ్యయనం నాకు ఎక్కువ పనికొచ్చింది. 60 నుంచి 90 ఏళ్లవాళ్లకు మూడు నెలలు, వారానికి పదిహేను గంటల లెక్కన డిజిటల్ ఫొటోగ్రఫీ, బొంతల కుట్టుపని లాంటి కొత్త విద్యలు నేర్పితే జ్ఞాపకశక్తి మెరుగుపడింది. ఊరికే కూర్చుని కబుర్లు చెప్పుకున్నవాళ్లకు అంతగా పెరగలేదు. బుర్ర ఎక్కించుకుంటుంది. కానీ లెక్క గమనించండి: వారానికి పదిహేను గంటలు. మన పీఎంజీదిశ మొత్తానికి ఇరవై గంటలిచ్చింది.

అందుకే నేర్పాలా వద్దా అన్నదానికన్నా ఎట్లా నేర్పుతారన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది. పెద్దవాళ్ల కంప్యూటర్ తరగతులు చాలాచోట్ల ఒకే తీరున మొదలవుతాయి. ఇది మానిటర్, ఇది సీపీయూ, ఇది మౌస్. తర్వాత పెయింట్‌లో గుండ్రం గీయించడం. అరవై రెండేళ్ల మనిషికి గుండ్రమెందుకు? మూడో రోజుకు సగం మంది రారు. 'ముసలోళ్లకు ఇంట్రెస్ట్ లేదు' అని రాసుకుంటారు. పెద్దల చదువు ఎప్పుడు పండుతుందో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత వాచకంలో తాగుబోతు భర్తతో వేగిన 'సీతమ్మ కథ' పాఠంగా పెట్టారు. దూబగుంటలో ఆడవాళ్లు దాన్ని చదివి, తమ కథేనని గుర్తుపట్టి, సారా దుకాణం మీదికి నడిచారు. ఆ ఊరి రోశమ్మ పేరు అట్లా రాష్ట్రమంతా తెలిసింది. అక్షరం కోసం అక్షరం చదివిస్తే అది జరిగేది కాదు.

సీతమ్మ కథకు మన దగ్గర సమానమైన పాఠం ఏమిటంటే, నా పీఎఫ్ లెక్క. నా పేరు ఎట్లా రాసి ఉంది? నా పుట్టిన తేదీ ఎంత వేశారు? నామినీ ఎవరు? ఈ మూడు ప్రశ్నలకు తెరమీద జవాబు వెతికించండి, మౌస్ దానంతటదే కదులుతుంది. డబుల్ క్లిక్ రాని బిగుసుకున్న వేళ్లకు ఒక్క క్లిక్, ఆ తర్వాత ఎంటర్ నొక్కితే చాలని చెప్పండి. కంట్రోల్ పట్టుకుని ప్లస్ నొక్కితే అక్షరం పెద్దదవుతుందని చూపించండి. ఇది తెలిసిన క్షణాన ఒక పెద్దాయన 'గిదేదో ముందే చెప్తే అయిపోవు గదరా' అని పిల్లవాణ్ని కసిరితే ఆశ్చర్యపోను. కంప్యూటర్ ఎందుకు, ఫోన్ చాలదా అంటారు. బతకడానికి ఫోనే. నేర్చుకోవడానికి మాత్రం పెద్ద తెర మేలు, పక్కవాడికి కూడా కనిపిస్తుంది, తప్పు పోతే నలుగురూ కలిసి నవ్వుకుంటారు. భాష సంగతి ఒకటి అడగాలి. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటుంది. ముప్పై ఏళ్లు దాటినా ఇలాంటి పోర్టళ్లలో ఎక్కువ భాగం ఇంగ్లీషే. తప్పు లిపిది కాదు.

అన్నిటికన్నా ముఖ్యం, మన మనుషులకు ఇప్పటికే వచ్చిన విద్య ఒకటుంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. షిఫ్టుకు ముందు మైనింగ్ సర్దార్ సేఫ్టీ ల్యాంపు పట్టుకుని బాయిలో గ్యాసు చూస్తాడు. రూఫ్‌ను కొట్టి చూస్తారు. టంగుమని మోగితే గట్టిది, డొల్లగా మోగితే వదులైంది, దాని కింద నిలబడరు. ఇంత జాగ్రత్త ఒంటబట్టినవాడికి, తెలియని నంబరు నుంచి వచ్చిన కాల్‌ను కూడా కొట్టి చూడాలని చెప్పడం కష్టమా? ఫోన్ పెట్టేసి, పాస్‌బుక్కు మీదున్న బ్యాంకు నంబరుకు మనమే చేయడం, అదే ఆ కొట్టి చూడడం. ఓటీపీ అంటే ఏమిటని గంటసేపు చెప్పనక్కర్లేదు. ల్యాంప్ రూమ్ ముందు నిలబడి తీసుకున్న టోకెన్ గుర్తుచేయండి. "నీ టోకెన్ ఎవడన్న అడిగితే ఇస్తవా కాకా?" అంటే చాలు. ఇయ్యరు. ఇస్తే ఏమవుతుందో వాళ్లకన్నా బాగా ఎవరికీ తెలియదు.

సింగరేణికి వృత్తి శిక్షణా కేంద్రాలున్నాయి. 1966 నాటి నిబంధనల ప్రకారం గని కార్మికుడు అక్కడ శిక్షణ పొందందే పనిలో దిగడు, మధ్యలో మళ్లీ రిఫ్రెషర్‌కు పోవాలి. గదులున్నాయి, బెంచీలున్నాయి, పెద్దవయసు కార్మికులకు చెప్పడం అలవాటైన వాళ్లున్నారు. దిగిపోయే ఏడాదిలో ఒక పది రోజులు, మస్టర్ (హాజరు) ఇచ్చి, భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి నేర్పితే పని జరుగుతుంది. మస్టర్ అన్న మాట కావాలనే రాశాను. జీతం తెగేచోటికి చదువు కోసం ఎవరూ రారు, రావాలని అనకూడదు కూడా.

అయినా అందరూ నేర్చుకోరు. నేర్చుకోకపోవడం తప్పు కాకూడదన్న రెండో పక్షాన్ని నేను వదులుకోను. కాగితం తీసుకునే కిటికీ తెరిచే ఉండాలి, వేలు చదవకపోతే కన్ను చూసే ఐరిస్ మిషన్ ఉండాలి, లేవలేనివాళ్లకు పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి లైఫ్ సర్టిఫికెట్ తీసే సేవ 2020 నుంచే ఉందని ప్రతి కాలనీలో రాసి పెట్టాలి. దానికి 70 రూపాయలు తీసుకుంటారు. ఆన్‌లైన్ సెంటర్‌కు రానుపోను ఆటో కిరాయి ఎంతవుతుందో లెక్కేసుకోండి.

జీవన్ ప్రమాణ్ ముఖం యాప్‌లో ఒక చిన్న ఏర్పాటుంది. ముందు ఫోన్ పట్టుకున్న ఆపరేటర్ తన ముఖం చూపించి తానెవరో చెప్పుకోవాలి. ఆ తర్వాత ఆ ఒక్క ఫోన్‌తోనే ఎంతమంది పెన్షన్‌దారుల పనైనా చేయొచ్చు. అంటే కాలనీకొకరు చాలు. తిలక్‌నగర్‌లో ఒకరు, యైటింక్లైన్ కాలనీలో ఒకరు, పవర్‌హౌస్ కాలనీలో ఒకరు. బాయిలో పదిమందికీ గ్యాసు చూసిపెట్టిన సర్దార్ ఒక్కడే కదా. ఆ ఒక్కరిని ఎంచుకోవడంలో నా ఓటు ఆడమనిషికి. ఆమెకు మొదటి రోజు ఫోన్ కాల్‌కు 'వద్దు' అని చెప్పి పెట్టేయడం నేర్పాలి. రెండో రోజు ఓటీపీ. మూడో రోజు పేర్ల తేడాలు. మౌస్ నాలుగో రోజు చాలు.